మోచేతి మీద మాసిక
(పెన్సిల్వేనియాలో తెలుగు కుటుంబాలు ఒక గ్రంథాలయ హాల్లో కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పిల్లలు ముందుకొచ్చి కూర్చోండమ్మా, అంత వెనక నుంచి కుట్లు కనపడవు.

ఈ బల్ల మీద ఒక కోటు, ఒక ప్యాంటు పరిచాను. రెండూ నేను కుట్టినవే. 1944 జూన్ 6 తెల్లవారకముందు, చీకట్లో, ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో విమానాల్లోంచి పారాచూట్లతో దూకిన అమెరికా సైనికులు, అంటే పారాట్రూపర్లు, వేసుకున్న దుస్తులకు ఇవి నకలు. ఆ రాత్రి ఎనిమిది వందలకు పైగా సీ-47 అనే రవాణా విమానాల్లో పదమూడు వేల మందికి పైగా దూకారు. వాళ్ల యుద్ధం గురించి చాలామంది చెప్పారు. నేను వాళ్ల బట్టల గురించి చెబుతాను. నాకు తెలిసింది బట్టే.

మా నాన్నగారు చీరాలలో దర్జీ. ఎవరైనా పాత చొక్కా తెచ్చి ఇలాంటిదే కావాలంటే, ఆయన పై వైపు చూసేవారు కాదు. తిరగేసి లోపలి కుట్లు చూసేవారు. చంక దగ్గర ఎన్ని వరసలు, జేబు మూలన టాకా ఎలా కట్టాడు, కాజా చేత్తో తీశాడా మిషను మీద తీశాడా అని. నాకు అబ్బింది ఆ అలవాటే. ఈ దేశం వచ్చాక ఒక జూన్ నెలలో రెడింగ్ ఊళ్లో జరిగే రెండో ప్రపంచయుద్ధ ప్రదర్శనకు వెళ్లాను. పాత విమానాలు ఎగురుతున్నాయి, వందలాది మంది అప్పటి సైనికుల వేషాల్లో గుడారాలు వేసుకుని కూర్చున్నారు. ఒకతని కోటు మోచేతుల మీద వేరే రంగు గుడ్డతో పెద్ద మాసికలు కనపడ్డాయి. కొత్త కోటుకి మాసిక ఎందుకు? ఆ ప్రశ్న అడిగినందుకే ఈ పదేళ్లుగా ఇదే పని మీద ఉన్నాను.

మాసిక దగ్గరికి వచ్చే ముందు కోటు సంగతి చెప్పాలి.

అమెరికాలో పారాట్రూపర్ల కథ 1940లో జార్జియా రాష్ట్రంలోని ఫోర్ట్ బెన్నింగ్‌లో మొదలైంది. ఒక చిన్న ప్రయోగ దళాన్ని కూడగట్టి ఆ ఏడాది ఆగస్టు 16న మొదటిసారి విమానం నుంచి దూకించారు. అప్పటికి వాళ్లకంటూ ప్రత్యేకమైన దుస్తులు లేవు. తర్వాత విలియం యార్బరో అనే యువ అధికారికి ఆ బాధ్యత పడింది. పారాట్రూపర్ల రెక్కల బ్యాడ్జి, బూట్లు, దూకే దుస్తులు, ఈ మూడింటి రూపకల్పనలోనూ ఆయన చెయ్యి ఉంది. ఆయన కూడా దూకినవాడే కాబట్టి, దూకే మనిషికి ఎక్కడ ఏం కావాలో ఒంటికి తెలుసు. ఎం1942 అనే ఈ కోటులో అది కనిపిస్తుంది.

ఛాతీ మీద జేబులు చూడండి. ఏటవాలుగా, లోపలి వైపు ఒరిగి ఉన్నాయి. అందం కోసమని నేను మొదట అనుకున్నాను. తర్వాత ఒక మిత్రుడు నాకు పారాచూట్ పట్టీలు తగిలించి, ఇప్పుడు జేబులోంచి ఏదైనా తియ్యి అన్నాడు. పట్టీలు భుజాల మీదుగా దిగి ఛాతీని బిగించేస్తాయి, కడుపు మీద రిజర్వు పారాచూట్ మూట ఉంటుంది. ఆ స్థితిలో నిలువు జేబులోకి చెయ్యి వెళ్లదు, ఏటవాలు జేబులోకి వెళుతుంది. అందుకే నకలు కుట్టేవాడు ఈ జేబుని రెండు మూడు డిగ్రీలు నిలువుగా పెట్టేసినా నాకు బాధ కలుగుతుంది. మూతకి రెండేసి టిచ్ బటన్లు. జేబు అడుగు మడతలు మడతలుగా ఉండి, నింపితే ఉబ్బుతుంది.

ఇప్పుడు ఇక్కడ, కాలరు కింద, గుండీలు ఉండాల్సిన చోట ఈ చిన్న జేబు. రెండు వైపులా జిప్పులు. ఏ చేత్తోనైనా తీసుకోవచ్చు. ఇందులో మీట నొక్కితే తెరుచుకునే చిన్న కత్తి ఉండేది. చెట్టుకి చిక్కుకుని వేలాడుతున్నవాడికి ఒక చెయ్యే ఖాళీ ఉండవచ్చు. ఆ ఒక్క చేత్తో జిప్పు లాగి, కత్తి తీసి, తాళ్లు కోసుకోవాలి.

నార్మండీలో మెర్డెరే నది పక్కన పల్లపు పొలాలను జర్మన్లు నీటితో ముంచేశారు. పైనుంచి చూస్తే చీకట్లో గడ్డి మైదానంలా కనపడింది. ఆ నీళ్లలో పడినవాళ్లలో చాలామంది, లోతు పెద్దగా లేని చోట కూడా, మునిగి చనిపోయారు. ఒంటి మీద ముప్పై నలభై కిలోల బరువు. అప్పటి అమెరికన్ టీ-5 పారాచూట్ పట్టీలకు మూడు చోట్ల కొక్కేలు, మూడూ విడిగా విప్పాలి. తడిసి, బిగుసుకుని, నీళ్ల కింద ఉన్నప్పుడు అది ఎంత సేపు పడుతుందో ఆలోచించండి. బ్రిటిష్ వాళ్ల పారాచూట్‌కి ఛాతీ మీద ఒకే గుండ్రటి బిళ్ల, తిప్పి కొడితే అన్నీ ఒకేసారి ఊడిపోతాయి. అమెరికన్లకు అలాంటిది తర్వాత గానీ రాలేదు. ఈ చిన్న జేబుకి జిప్పు సరిగ్గా జారకపోతే ఫర్వాలేదులే, ఎవరు చూస్తారు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది ఎందుకుందో తెలిసినవాడు దాన్ని జారేలానే కుడతాడు.

ఇక మాసికలు.

ఈ కోటు గుడ్డ నూలు ట్విల్లు. తేలిక, మెత్తన. 1943 జులైలో సిసిలీలో ఇవే వేసుకుని దూకారు. అక్కడా, తర్వాత ఇటలీలోనూ తెలిసిందేమిటంటే ఈ గుడ్డ నిలవదు. నేల మీద పడటం, పొదల్లో పాకడం, రాళ్ల గోడలెక్కడం. మోకాళ్లు, మోచేతులు చిరిగిపోయేవి. తొడల పక్కనున్న పెద్ద జేబుల్లో గ్రెనేడ్లు, తిండి, మందుగుండు కుక్కి దూకితే, పారాచూట్ తెరుచుకున్నప్పుడు వచ్చే కుదుపుకి జేబులు పిగిలిపోయేవి. టీ-5లో ముందు గొడుగు విచ్చుకుని తర్వాత తాళ్లు సాగుతాయి. అందుకని ఆ కుదుపు చాలా గట్టిగా ఉండేది. జేబులో ఉన్నదంతా రాలిపోయి, మనిషి కిందికి దిగేసరికి ఖాళీ జేబులతో మిగిలేవాడు.

ఫ్యాక్టరీ నుంచి కొత్త దుస్తులు వచ్చేదాకా ఆగలేదు వాళ్లు. ప్రతి దళంలోనూ రిగ్గర్లని ఉండేవారు. పారాచూట్లు మడతపెట్టి, చిరిగినవి కుట్టి, సిద్ధం చేసే మనుషులు. వాళ్ల దగ్గర దళసరి కాన్వాసు కుట్టగల మిషన్లు ఉన్నాయి, కాన్వాసు ఉంది. నార్మండీకి ముందు ఇంగ్లండులో ఆ రిగ్గర్లు కూర్చుని వేలకొద్దీ కోట్లకు మోచేతుల మీద, ప్యాంట్లకు మోకాళ్ల మీద ముదురాకుపచ్చ కాన్వాసు ముక్కలు వేసి కుట్టారు. తొడ జేబుల అంచులకి కాన్వాసు చుట్టారు. జేబు కింద నుంచి పొడుగాటి నాడాలు పెట్టారు, తొడ చుట్టూ తిప్పి కట్టుకోవడానికి. ఇవిగో, ఈ నాడాలే.

ఇలాంటి కోటు నేను మొదటిసారి కుట్టినప్పుడు జరిగింది చెబుతాను. మాసికలు రెండూ కొలత పెట్టి, సరిగ్గా ఒకే సైజులో కత్తిరించాను. కోటు రంగుకి కలిసే దారం వెతికి తెచ్చి, అంగుళానికి ఇన్ని కుట్లు అని లెక్కపెట్టి వేశాను. నాన్నగారు చూస్తే మెచ్చుకునేవారు. ప్రదర్శనల్లో సైనికుల వేషం వేసే మా దళంలో ఒక పెద్దాయన ఉన్నారు, అసలు కోట్లు బోలెడు చూసినవారు. నా కోటు చాలాసేపు తిప్పి చూసి, కుట్లు విప్పే కత్తి నా చేతిలో పెట్టారు. "ఇది దర్జీ కుట్టింది. రిగ్గరు కుట్టలేదు" అన్నారు. తర్వాత తన దగ్గరున్న అసలు కోటు తెచ్చి చూపించారు. ఎడమ మాసిక కుడిదాని కన్నా అర అంగుళం పైన ఉంది. మూలలు ఒకచోట గుండ్రంగా, ఒకచోట పలకగా. దారం కోటుకి కలవలేదు, పారాచూట్ సామాన్లకు వాడే దారం. ఒక మూల దగ్గర కుట్టు అంచు దాటిపోయింది, మళ్లీ వెనక్కి వచ్చి సరిచేశాడు. అతనికి ఆ రోజు ఇంకా ఎన్ని కోట్లు మిగిలాయో ఎవరికి తెలుసు. ముహూర్తం దగ్గరపడుతోంది. ఆ కుట్టులో ఆ తొందర ఉంది.

ఆ రాత్రి మాసికలు విప్పేశాను. మళ్లీ వేసినప్పుడు కొలబద్ద పక్కన పెట్టేశాను. కావాలని వంకరగా కుట్టడం కూడా తప్పే, అది ఇట్టే తెలిసిపోతుంది. చెయ్యి దానంతట అది వేగంగా పోవాలి. అందుకని ఒకే పూటలో ఎనిమిది కోట్లకు మాసికలు వేశాను, మిత్రులవి కూడా తెప్పించుకుని. అయిదో కోటు నుంచి కుట్టు దారిలో పడింది.

దుస్తుల అసలుతనం అంటే నాకు అర్థమైంది ఇదే. ఏ కుట్టు ఎవరు వేశారు, ఏ అవసరానికి, ఎంత వ్యవధిలో అన్నది తెలుసుకుని కుట్టాలి. గద్ద బొమ్మ ఉన్న భుజం బ్యాడ్జీలు, మెరిసే రెక్కలు ఎక్కడైనా కొనుక్కోవచ్చు.

కొనేవాళ్లకు కొన్ని మాటలు. ఇవాళ ప్రపంచమంతా అమ్ముడయ్యే నకలు యుద్ధ దుస్తుల్లో చాలావాటి మీద మేడిన్ ఇండియా అని ఉంటుంది. మన దర్జీల పనితనానికి లోటు లేదు. వాళ్లకు ఇచ్చే నమూనా, గుడ్డ, ధర సరిగ్గా ఉంటే అద్భుతంగా కుడతారు. తక్కువ ధరకి తొందరగా కావాలంటే వచ్చేది వేరు. కోటు చేతికి రాగానే తిరగెయ్యండి. లోపల అంచులు ఓవర్‌లాక్ చేసి ఉంటే పక్కన పెట్టండి. అసలు కోటులో గుడ్డ అంచులు ఒకదాన్నొకటి మడిచి, రెండు వరసల కుట్టు వేసి, అంచు బయటికి కనపడకుండా మూసేస్తారు. జిప్పు ఇత్తడిది కావాలి. టాలన్ అనే పేరు అప్పటి జిప్పుల మీద తరచు కనపడుతుంది. ప్లాస్టిక్ చుట్టల జిప్పు ఉంటే అది యుద్ధం తర్వాతి కాలానిది. అతినీలలోహిత కాంతి దీపం (బ్లాక్ లైట్) కింద పెట్టి చూడండి. ఇప్పటి పాలియెస్టరు దారం చాలావరకు తెల్లగా మెరుస్తుంది, పాత నూలు దారం మెరవదు. అయితే ఇప్పటి సబ్బుపొడితో ఉతికిన పాత నూలు కూడా మెరుస్తుంది కాబట్టి ఆ ఒక్క పరీక్ష మీదే తీర్పు చెప్పకండి.

రంగు గురించి పెద్ద గొడవలు జరుగుతాయి మా వాళ్లలో. ఒకరు గోధుమ రంగంటారు, ఒకరు ఆకుపచ్చ పోలిక ఉండాలంటారు. ఒక్కో ఫ్యాక్టరీ అద్దకం ఒక్కోలా ఉండేది, ఎండకీ ఉతుకుడికీ ఇంకా మారేది. ఇద్దరూ సరైనవాళ్లే కావచ్చు.

కుడి భుజం మీద జెండా పట్టీ కొనేటప్పుడు మాత్రం నక్షత్రాలు లెక్కపెట్టండి. నలభై ఎనిమిది ఉండాలి. అలాస్కా, హవాయి 1959లో గానీ రాష్ట్రాలు కాలేదు. యాభై నక్షత్రాల జెండా కట్టుకుని 1944లోకి దూకినవాళ్లను నేను ప్రతి ఏడూ చూస్తున్నాను.

ఇంకొకటి ఎవరూ పట్టించుకోనిది, వాసన. నార్మండీ నాటికి జర్మన్లు విషవాయువు వదులుతారన్న భయం ఉండేది. అందుకని దుస్తులకు ఒక రసాయనం పట్టించారు. గుడ్డ బిరుసెక్కి, జిడ్డుగా, దుర్వాసన వేసేది. గాలి ఆడేది కాదు. భుజానికి ఒక కాగితపు పట్టీ కూడా కట్టుకున్నారు, బ్రిటన్‌లో తయారైంది, వాయువు తగిలితే రంగు మారేది. మా ప్రదర్శనల్లో అందరూ ఆ పట్టీ కడతారు. ఆ జిడ్డు మటుకు ఎవరి ఒంటి మీదా ఉండదు, ఉండమని నేనూ చెప్పను. కానీ చూడటానికి వచ్చిన పిల్లలకు ఆ సంగతి చెప్పాలి. ఆ రాత్రి ఆ మనిషి ఈ మెత్తటి నూలు కోటులో లేడు.

హెల్మెట్ల గురించి ఒక్క ముక్క. ఆ రాత్రి దూకిన దళాల్లో ఒకటైన 101వ డివిజన్ వాళ్లు హెల్మెట్ పక్కల పేకముక్కల గుర్తులు వేసుకున్నారు. 502వ రెజిమెంటుకి ఆఠీను, 506కి ఇస్పేటు, 501కి డైమను, ఇంజను లేని గ్లైడర్ల మీద దిగే 327కి కళావరు. పక్కన చిన్న గీత ఉంటే దాని స్థానాన్ని బట్టి ఏ బెటాలియనో తెలుస్తుంది. చీకట్లో మనవాడా కాదా తెలుసుకోవడానికి వాళ్లకు ఇచ్చిన రేకు బొమ్మ కూడా మీకు తెలిసిందే. తిరునాళ్లలో అమ్మే టిక్కు టిక్కుమనే రేకు కప్ప గుర్తుందా? అలాంటిదే, ఇత్తడిది, బర్మింగ్‌హామ్‌లో ఈలలు చేసే ఆక్మే సంస్థ చేసి ఇచ్చింది. ఒకసారి నొక్కితే అవతలివాడు రెండుసార్లు నొక్కాలి.

ఆ వేసవి దాటాక ఈ కోటు కథ ముగిసింది. 1944 సెప్టెంబరు 17న హాలెండులో దూకేటప్పటికి వాళ్లకు ఎం1943 అనే కొత్త ఆకుపచ్చ దుస్తులు ఇచ్చారు. సైన్యం మొత్తానికీ అవే. ప్యాంటుకి తొడ జేబులు లేవు. మళ్లీ రిగ్గర్లే కూర్చుని కాన్వాసు జేబులు కుట్టి అతికించారు. కనుక హాలెండు వేషం వేసేవాళ్లు కూడా రిగ్గరు పని నేర్చుకోక తప్పదు.

ఆ డిసెంబరులో 101వ డివిజన్‌ని లారీల్లో ఎక్కించి బెల్జియంలోని బాస్టోన్‌కి తరలించారు. చలికాలపు బట్టలు చాలామందికి లేవు. చుట్టూ మంచు, ఒంటి మీద ఆకుపచ్చ. ఎమ్రూల్ అనే చిన్న పల్లెలో మేజర్ జాన్ హాన్లన్ అనే అధికారి ఊరివాళ్లను తెల్ల దుప్పట్లు అడిగాడు. వాళ్లు తమ పడకల మీదవీ, పెట్టెల్లో దాచుకున్నవీ తెచ్చి ఇచ్చారు. సైనికులు వాటిని కప్పుకుని మంచులో కలిసిపోయారు. దుప్పట్లు మళ్లీ ఊరికి చేరలేదు. 1948లో హాన్లన్ మసాచుసెట్స్‌లోని తన సొంతూరు వించెస్టరులో దుప్పట్లు పోగుచేసి, ఎమ్రూల్ వెళ్లి తిరిగి ఇచ్చి వచ్చాడు. చలికాలంలో ఫోర్ట్ ఇండియన్‌టౌన్ గ్యాప్‌లో ఆ యుద్ధాన్ని తలుచుకుంటూ చేసే ప్రదర్శనకు నేను తెల్ల దుప్పటి తీసుకెళతాను. నాసిరకం కొత్త దుప్పటి కాదు. అంచుకి ఎవరో చేత్తో అల్లిన లేసు ఉన్న పాత నూలు దుప్పటి, పాత సామాన్ల దుకాణంలో దొరికింది.

(సభలోంచి ప్రశ్న: మనవాళ్లు ఎవరైనా పారాట్రూపర్లుగా ఉన్నారా అండీ ఆ యుద్ధంలో?)

ఉన్నారండీ. మంచి ప్రశ్న అడిగారు. నన్ను కూడా ప్రదర్శనల్లో కొందరు మర్యాదగానే అడుగుతారు, నీ రంగు మనిషి ఈ బట్టల్లో ఉంటాడా అని. భారత సైన్యంలో 50వ పారాచూట్ బ్రిగేడ్ 1941లోనే ఏర్పడింది. అందులో ఒక బ్రిటిష్, ఒక భారతీయ, ఒక గూర్ఖా బెటాలియన్. లెఫ్టినెంట్ రంగరాజ్ అనే వైద్యాధికారి, హవల్దార్ మేజర్ మథురా సింగ్ పారాచూట్‌తో దూకిన తొలి భారత సైనికులు. ఆ బ్రిగేడ్ 1944 మార్చిలో మణిపూర్ కొండల్లో సాంగ్‌షాక్ దగ్గర జపాన్ సైన్యాన్ని రోజుల తరబడి ఆపింది. 1945 మే 1న రంగూన్ దగ్గర ఎలిఫెంట్ పాయింట్‌లో గూర్ఖా పారాట్రూపర్లు దూకారు. రంగరాజ్ తర్వాత 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్‌కి అధిపతిగా కొరియా వెళ్లి, 1951లో అమెరికన్ పారాట్రూపర్లతో కలిసి మళ్లీ దూకారు. మహావీర చక్ర వచ్చింది ఆయనకు.

బర్మా యుద్ధంలో ఇంకొక బట్ట కథ ఉంది. సామాన్లు పడెయ్యడానికి పారాచూట్లు చాలక, అక్కడ బ్రిటిష్, భారత సేనలను నడిపిన జనరల్ స్లిమ్ మనుషులు కలకత్తా జనపనారతో పారాచూట్లు చేయించారు. గోనెగుడ్డ పారాచూట్! పట్టుదాని ధరలో కొద్ది భాగమే అయ్యేది. బియ్యం, మందుగుండు దాని మీదే అడవిలోకి దిగేవి.

(మరో ప్రశ్న: బ్రిటిష్ వాళ్లవి కూడా కుడతారా?)

డెనిసన్ స్మాక్ ఒకటి కుడుతున్నాను, రెండేళ్లుగా. అది తల మీంచి తొడుక్కునే వదులు చొక్కా. వెనక నుంచి తోకలా ఒక పట్టీ వేలాడుతుంది, దాన్ని కాళ్ల మధ్య నుంచి ముందుకు తెచ్చి టిచ్ బటన్లతో బిగించుకోవాలి, గాలికి చొక్కా పైకి లేవకుండా. తొలినాటి వాటికి ఆకుపచ్చ, గోధుమ రంగుల చారలు పెద్ద కుంచెలతో చేత్తో వేశారు. ఏ రెండూ ఒకలా ఉండవు. బజారులో దొరికేవి అచ్చు వేసిన గుడ్డతో కుడతారు, భుజం దగ్గరా నడుము దగ్గరా ఒకే మరక మళ్లీ మళ్లీ కనపడుతుంది. కలంకారీ చేసేవాళ్ల చేతిలో కుంచె ఎలా తిరుగుతుందో నేను చిన్నప్పుడు చూశాను. ఆ చెయ్యి నాకు ఇంకా రాలేదు. వచ్చేదాకా గుడ్డ ముక్కల మీద సాధన చేస్తున్నాను.

(మరో ప్రశ్న: ఇంత అచ్చంగా చేస్తే ఎవరైనా అసలుదని అమ్ముకోరా?)

అమ్ముకుంటారు. నాకు ఒకసారి అనుభవమైంది. ఒకతను నా దగ్గర నకలు కోటు కొని, టీ నీళ్లలో నానబెట్టి, ఇసుక కాగితంతో రుద్ది, అసలుదని ఎవరికో అంటగట్టాడని తర్వాత తెలిసింది. ఎవరో ముసలాయన తన అన్న జ్ఞాపకంగా కొనుక్కున్నాడట. అది నన్ను చాలా కుదిపేసింది. అప్పటి నుంచి ప్రతి కోటుకీ ఎడమ చంక లోపల, మడత కుట్టు కింద, కుట్టిన సంవత్సరం చెరిగిపోని సిరాతో తెలుగు అంకెల్లో వేస్తున్నాను. అది తీసెయ్యాలంటే చంక మొత్తం విప్పాలి. ఇదిగో చూడండి.

సరే, చాలాసేపు మాట్లాడాను. ఇప్పుడు పిల్లల్లో ఎవరైనా ఒకరు రండి. ఈ ప్యాంటు మీ ప్యాంటు మీదే తొడుక్కోవచ్చు. తొడ జేబుల్లో ఇదిగో ఈ ఇసుక సంచులు పెడదాం, ఒక్కొక్కటి కిలోన్నర. ముందు నాడాలు కట్టకుండా ఆ మెట్టు మీంచి దూకు. తర్వాత కట్టుకుని దూకు. మిగతావాళ్లు జేబు వైపే చూడండి.